కెప్టెన్ గారూ, కాసేపు నీళ్లవైపు చూడండి

ప్రైవేటు యాట్లలో జనాన్ని ఒక్క రోజు స్నార్కెలింగ్‌కి (కళ్లకి మాస్క్, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడటానికి) తీసుకెళ్లే యజమానులకు, కెప్టెన్లకు, డెక్ మీద పనిచేసే కుర్రాళ్లకు,

నమస్తే. మీలో ఒకరి పడవలో మా కుటుంబం, ఎనిమిదిమందిమి, ఒక రోజంతా గడిపాం. ఎవరి పడవో, ఏ దీవో చెప్పను. చెబితే మిగతావాళ్లంతా "అది మేం కాదులే" అనుకుని ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపేస్తారు.

ముందు బాగున్నవి చెప్పేస్తాను, లేకపోతే ఇదంతా కడుపుమంటతో రాసిందనుకుంటారు. ఆ రోజు చాలావరకు నిజంగానే బాగుంది. పెద్ద పడవల్లో యాభై అరవైమందిని ఒకేసారి నీళ్లలోకి దింపితే ఎవరి కాలు ఎవరి మొహానికి తగులుతుందో తెలియదు, అలాంటి గోల లేదు. మొహం నీళ్లలో పెట్టగానే బయటి చప్పుడంతా ఆగిపోయి, చిలుకచేపలు పగడాన్ని కొరికే కరకర శబ్దం ఒక్కటే వినిపించింది. ఆ చేప పగడపు రాయిని కొరికి, నాచు తిని, మిగిలిన రాతిపొడిని ఇసుకలా బయటికి వదిలేస్తుందని, మనం ఫొటోలు దిగే తెల్ల ఇసుకలో కొంత దాని పుణ్యమేనని మీ కుర్రాడే చెప్పాడు. ఒక తాబేలు మా పక్కనుంచే పైకొచ్చి, ఒక్క గుక్క గాలి పీల్చుకుని, మమ్మల్ని పట్టించుకోకుండా కిందికి వెళ్లిపోయింది. ఇవన్నీ మర్చిపోలేదు.

ఇక అసలు సంగతి. మర్నాడు మీరు డ్రోన్ వీడియో పంపారు. రెండు నిమిషాల వీడియో, వెనకాల సంగీతం కూడా పెట్టారు. పచ్చనీలం నీళ్ల మధ్య తెల్లటి పడవ, చుట్టూ చుక్కల్లా మేము. నలభయ్యో సెకను దగ్గర కుడివైపు పై మూలన ఒక చుక్క చెయ్యి ఊపుతూ కనిపిస్తుంది. అది మా బాబాయి. డ్రోన్ నడుపుతున్న కుర్రాడు తెర మీద అది చూసి, హాయ్ చెప్తున్నాడనుకుని, డ్రోన్‌ని ఆయన వైపు ఇంకాస్త కిందికి దించాడు. అది కూడా వీడియోలో ఉంది. ఆ తర్వాత చెయ్యి ఊపడం ఆగిపోతుంది.

ఆ ఆగిపోవడం గురించే ఈ ఉత్తరం.

సినిమాల్లో చూసినట్టు మునిగిపోయేవాళ్లు కేకలు పెట్టరు. అమెరికాలో లైఫ్‌గార్డ్‌గా పనిచేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన 1970ల్లోనే ఈ విషయం వివరంగా రాశాడు. మొదట్లో, ఇంకా ఓపిక ఉన్నప్పుడు మనిషి చెయ్యి ఊపగలడు, అరవగలడు. నిజంగా మునగడం మొదలయ్యాక అవేవీ ఆయన చేతిలో ఉండవు. నోరు నీళ్లపైకి వచ్చిన అరక్షణం గాలి పీల్చుకోవడానికే చాలదు, ఇక అరవడానికి ఎక్కడిది? చేతులు పక్కలకి చాపి నీటిని కిందికి నొక్కుతుంటాయి తప్ప పైకి లేవవు. అలా ఇరవై సెకన్ల నుంచి నిమిషం దాకా. చూసేవాళ్లకి మనిషి నిలువుగా ప్రశాంతంగా తేలుతున్నట్టే ఉంటుంది. ఇదంతా నాకు ఆ రోజు తెలియదు, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లం కాబట్టి తెలియకపోవడంలో వింతేమీ లేదు. మీకు తెలిసి ఉండాలి.

ఆ సమయంలో ఎవరు ఎక్కడున్నారో తర్వాత నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. కెప్టెన్ వెనకవైపు మధ్యాహ్నం భోజనానికి ఏర్పాట్లు చూస్తున్నాడు. ఒక కుర్రాడు డ్రోన్ తెరలో తల దూర్చి ఉన్నాడు. రెండోవాడు నీళ్లలో మా పిల్లలకి చేపల గుంపు చూపిస్తున్నాడు, పాపం అతనిది తప్పేమీ లేదు, అతని వీపు మావైపు ఉంది. నేను నీళ్లలో మొహం పెట్టుకుని కిందికి చూస్తున్నాను. స్నార్కెలింగ్ అంటేనే అంత కదా, అందరూ కిందికే చూస్తారు, పక్కన ఎవరేమయ్యారో ఎవరికీ కనిపించదు. ఆ రోజు ఆ పడవ మీదనుంచి నీళ్లవైపు చూస్తున్న మనిషి ఒక్కరే ఒక్కరు, మా పిన్ని. ఆవిడకి ఈత రాదు, నీళ్లంటే భయం, అందుకే దిగలేదు. దిగకుండా కూర్చుందని పొద్దున్నుంచీ మేమంతా ఆవిణ్ణి ఆటపట్టిస్తూనే ఉన్నాం. ఆవిడ అరిచింది. ఆ అరుపు విని మీ కెప్టెన్ చేతిలోది కింద పడేసి, చొక్కాతోనే దూకాడు. దూకడంలో ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు, అది ఒప్పుకుని తీరాలి. కానీ లైఫ్ రింగు కోసం మా తమ్ముడు వెతికితే అది సీటు కింద అరలో, తువ్వాళ్ల దొంతర అడుగున దొరికింది.

బాబాయిని పైకి లాగి కూర్చోబెట్టారు. దగ్గుతూనే "ఏం లేదు, ఏం లేదు" అన్నాడు, ఆ తరం మగవాళ్లు గుండెపోటు వచ్చినా అలాగే అంటారు. పది నిమిషాలకి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండో స్పాట్‌కి బయలుదేరారు మీరు. మేమూ వద్దనలేదు. నీళ్లు పీల్చినవాడికి దగ్గు ఆగకపోయినా, ఊపిరి బరువుగా ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలని మీలో ఎవరైనా ఒక్క మాట అనుంటే మేం వెనక్కి తిప్పమనేవాళ్లం. రాత్రికి దగ్గు ఎక్కువై ఆసుపత్రికి వెళ్లాం, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

మా తప్పులు కూడా చెప్పాలి. ఎక్కేముందు మీరిచ్చిన కాగితంలో "ఈత వచ్చా?" అని ఒక గడి ఉంది. బాబాయి వచ్చు అని టిక్కు పెట్టాడు. పిల్లల ముందు, కోడళ్ల ముందు, యాభై ఎనిమిదేళ్ల మనిషి రాదని ఎలా పెడతాడు? పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు, చిన్నప్పుడెప్పుడో నేర్చుకున్నాడు. బీపీ మాత్రల గురించి అడిగిన చోట ఏమీ రాయలేదు. మేం చూసి కూడా ఊరుకున్నాం. కాబట్టి తప్పంతా మీ మీదకి నెట్టడం లేదు. కానీ కెప్టెన్ గారూ, ఆ గడిలో నిజం రాసేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలియదా? రోజూ అదే పనిలో ఉన్నారు కదా. ఆ కాగితం మా ప్రాణాల కోసం కాదు, రేపు ఏదైనా అయితే మీ చేతులు దులుపుకోవడానికి.

అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. చివరిసారి ఎప్పుడు ఈత కొట్టారు? కాళ్లు కింద ఆనని చోట ఎప్పుడైనా ఈదారా? మొహం నీళ్లలో పెట్టి నోటితో ఊపిరి పీల్చడం ఎప్పుడైనా చేశారా? వీటికి టిక్కు పెట్టడం కుదరదు, మాట్లాడాలి, మాట్లాడితే మనిషి కళ్లలో తెలిసిపోతుంది. అందరి ముందు కాకుండా ఒక్కొక్కరిని పక్కకి పిలిచి అడిగితే ఇంకా మంచిది. ఇంకా అనుమానం ఉంటే నిచ్చెన పట్టుకునే రెండు నిమిషాలు నీళ్లలో మొహం పెట్టి ఊపిరి తీసుకోమనండి. రెండు నిమిషాలంటే మీ టైమ్ ఏమీ పోదు. ఎవరైనా భయపడి తల ఎత్తేస్తే అక్కడే, మీ చెయ్యి అందేంత దూరంలో, తెలిసిపోతుంది.

అన్నట్టు మీసం సంగతి. బాబాయికి గుబురు మీసం. మాస్క్ అంచు చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు రావు, మీసం ఉంటే పైపెదవి మీద సందు మిగిలిపోయి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. మాస్క్‌లోకి నీళ్లు, ముక్కులోకి నీళ్లు, ఆ కంగారులో తల ఎత్తితే గొట్టంలోకి నీళ్లు. గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఊదాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇదంతా డెక్ మీద ఆయన మొహం ఒక్కసారి చూస్తే ముందే తెలిసే విషయం. మాకు నవ్వొచ్చే విషయమే, కానీ ఆ రోజు కథంతా అక్కడే మొదలైంది.

మీసం లేనివాళ్లకి కూడా ఈ గొట్టం మనం అనుకున్నంత అమాయకమైనది కాదు. అది జానెడున్నర పొడవే ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఛాతీ ఒక్క మీటరు లోతున ఉంటే చాలు, దాని మీద పడే నీటి ఒత్తిడికి పైనున్న గాలిని లోపలికి లాగలేం. నీటి పైభాగంలో పడుకున్నా అదే ఒత్తిడి కొంచెం ఉంటుంది, సన్నటి గొట్టంలోంచి గాలి లాగడానికి ఇంకొంచెం శ్రమ. కుర్రవాళ్లకి అది లెక్కలోకి రాదు. హవాయిలో స్నార్కెల్ చేస్తూ చనిపోయినవాళ్ల కేసుల్ని పరిశీలించిన బృందం, గొట్టంలోంచి కష్టపడి గాలి పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరి, నీళ్లు మింగకుండానే, పెద్దగా పెనుగులాట లేకుండానే మనిషి నీరసించిపోయే అవకాశం ఉందని రాసింది. పెనుగులాట లేకుండా అన్న మాట మళ్లీ చదవండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు చప్పుడు లేకుండా పోయేది ఇలాగే. డెక్ మీద ఒక మనిషి కళ్లు తప్ప వాళ్లని పట్టుకునే అలారం ఏదీ లేదు.

"మాది ప్రైవేటు యాట్, మీ కుటుంబం మాత్రమే, టెన్షన్ లేకుండా ఎంజాయ్ చెయ్యండి" అన్నారు ఎక్కగానే. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది తిరగబడింది. జనం ఉన్న పెద్ద పడవలో కనీసం పక్కవాళ్లయినా చూస్తారు, పక్కన ఇంకో పడవ ఉంటుంది. ప్రైవేటు అంటే చుట్టుపక్కల ఎవరూ లేని చోటుకి తీసుకెళ్లడం. అక్కడ చూసే కళ్లు మీవి మాత్రమే. మేం డబ్బు కట్టింది తెల్ల సోఫాలకి కాదు, ఆ కళ్లకి.

పెద్ద పడవలకి ఈ పాఠం ఊరికే రాలేదు. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ పడవ భార్యాభర్తలిద్దరిని నీళ్లలోనే వదిలేసి ఒడ్డుకి వెళ్లిపోయింది. వాళ్లు లేరని తెలిసింది రెండు రోజుల తర్వాత, అదీ పడవలో మిగిలిపోయిన వాళ్ల బ్యాగు చూసి. వాళ్లు మళ్లీ దొరకలేదు. ఆ తర్వాత అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో తలలు లెక్కపెట్టే నియమాలు గట్టిపడ్డాయి. ఇప్పుడు అక్కడ స్నార్కెలింగ్ జరుగుతున్నంతసేపూ పైనుంచి గమనించే మనిషి ఉండాలి, వయసు మీదపడినవాళ్లకి, జబ్బులున్నవాళ్లకి తేలే సాధనం ఇచ్చి, దూరంనుంచే గుర్తుపట్టేలా వేరే రంగులో ఉండేలా చూడాలి. వేరే రంగు అన్నది నాకు బాగా నచ్చింది. ఆ రోజు మా ఎనిమిదిమందికీ మీరు ఒకే నల్లరంగు చొక్కాలిచ్చారు, ఫొటోల్లో అందంగా ఉంటుందని.

ఎనిమిదిమందికి ఒక కాపలా మనిషి ఎందుకంటారేమో. డ్రోన్‌కి ఒక మనిషిని పెట్టారు కదా.

ఇప్పుడు పగడాల దగ్గరికి వస్తాను. ఇది వేరే సంగతిలా కనిపిస్తుంది గానీ కాదు. రెండో స్పాట్‌లో నా కళ్లముందే ఒక ఆవిడ (మా బంధువే, పేరు చెబితే ఇంట్లో యుద్ధం) అలసిపోయి, కింద గట్టిగా కనిపించిన దాని మీద నిలబడింది. అది పగడం. నీళ్లలో భయపడ్డ మనిషికి కాలు ఆనే చోటు కనిపిస్తే దాని మీద నిలబడకుండా ఉండగలదా? ముట్టుకోవద్దని మీరు చెప్పిన మాట ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? పగడం రాయి కాదు, ప్రాణి, వేలమంది చిన్న చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఊరు. కొమ్మల్లా పెరిగే రకాలు ఏడాదికి పది ఇరవై సెంటీమీటర్లు పెరగొచ్చు గానీ బండల్లా గుండ్రంగా ఉండేవి ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. భోజనాల బల్లంత బండ కనిపించిందంటే దాని వయసు మన తాతముత్తాతల లెక్కలో ఉంటుంది. ఆవిడ పొట్ట కింద ఒక ఫ్లోట్ ఉండుంటే ఆవిడ కాలు కింద పెట్టేదే కాదు. భయపడేవాళ్లకి తేలే సాధనం ఇస్తే మనిషీ బతుకుతాడు, పగడమూ బతుకుతుంది, రెండూ ఒకటే పని.

ఆవిణ్ణి తిట్టడానికి మీకు మొహం ఉండదు లెండి, ఎందుకంటే అంతకు పావుగంట ముందే మీ లంగరు గొలుసు నేను కిందినుంచి చూశాను. గాలికి పడవ తిరిగినప్పుడల్లా ఆ గొలుసు అడుగున చీపురులా ఊడుస్తోంది, ఊడ్చిన మేర విరిగిన కొమ్మలు తెల్లగా పడి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఇదేదీ కనిపించదు, నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయంతే. రీఫ్ (పగడాల దిబ్బ) అడుగున శాశ్వతంగా బిగించి పడవలు కట్టుకునేలా పైకి తేలే మూరింగ్ బోయలు ఫ్లోరిడా కీస్‌లో 1980ల మొదట్లోనే పెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. మీ చోట అవి లేకపోతే ఇసుక ఉన్న చోట లంగరు వెయ్యండి, మేం ఒక వంద గజాలు ఎక్కువ ఈదుతాం, లేదా చిన్న పడవలో వదిలిపెట్టండి. నీళ్ల వేడికే రీఫ్‌లు రంగు పోయి తెల్లబడుతున్నాయి, 2024 ఏప్రిల్‌లో అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా ప్రపంచవ్యాప్తంగా ఇలా తెల్లబడటం ఇది నాలుగోసారి అని ప్రకటించింది. ఆ వేడిని ఆపడం మీ వల్ల కాదు, నా వల్ల కాదు. గొలుసు ఎక్కడ వెయ్యాలో మాత్రం మీ చేతిలోనే ఉంది, అక్షరాలా.

ఇంకో రెండు మూడు విషయాలు చప్పున చెప్పేస్తాను. నిచ్చెన దగ్గర మనుషులు ఉండగా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి, గేరు వెయ్యలేదు కదా అని చెప్పకండి. మీరు తిరుగు ప్రయాణానికి తొందరపడి స్టార్ట్ చేసినప్పుడు మా చెల్లెలి కాలికున్న ఫిన్ (ఈతకి తొడుక్కునే రెక్క) ఇంకా నీళ్లలోనే ఉంది. ప్రొపెల్లర్ ఒక్కటే కాదు, ఇంజిన్ నడుస్తుంటే వెనక మెట్టు దగ్గర, నీటి మట్టానికి కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి వాసన ఉండదు, అక్కడ వేలాడుతూ కబుర్లు చెప్పుకునే పిల్లలకి ముందు తల తిరుగుతుంది, తర్వాత స్పృహ పోతుంది. ఎక్కగానే చేతికి మందు గ్లాసు ఇవ్వడం మర్యాదే, కాదనను, కానీ ఆఖరిసారి నీళ్లలోంచి బయటికొచ్చాక ఇవ్వండి. చేపలకి రొట్టెముక్కలు వెయ్యడం మానెయ్యండి, పిల్లలకి సరదా గానీ వాటి తిండి అది కాదు. సన్‌స్క్రీన్ విషయంలో మీరు పాపం మంచివాళ్లే, పగడాలకి మంచిది కాదని ఒక రకం వద్దన్నారు. హవాయి 2021 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్నవాటి అమ్మకం ఆపింది, పలావు దేశం అంతకు ఏడాది ముందే ఇంకా పెద్ద జాబితా పెట్టి నిషేధించింది. కానీ పూర్తి చేతుల చొక్కా వేసుకోమని బుకింగ్ అప్పుడే చెప్పుంటే ఈ గొడవే ఉండేది కాదు, మా అందరి చేతులూ మూడు రోజులు మండేవి కావు.

మీలో బాగా చేసేవాళ్లు ఉన్నారని తెలుసు. దూకేముందు ప్రవాహం ఎటు పోతోందో చూపించి, ముందు దానికి ఎదురు ఈదండి, అలసిపోయినప్పుడు అదే మిమ్మల్ని పడవ దగ్గరికి తెస్తుంది అని చెప్పే కెప్టెన్లు ఉన్నారట. స్నేహితులు చెప్పారు. వాళ్లు ఈ ఉత్తరం చదివి "ఇందులో కొత్తేముంది" అనుకుంటే నాకు అంతకంటే సంతోషం లేదు, దయచేసి పక్క పడవవాళ్లకి పంపించండి.

నాకు డబ్బు వాపసు వద్దు. మీ పడవకి ఒక్క స్టారు ఇచ్చి కసి తీర్చుకోవాలని కూడా లేదు, ఇప్పటిదాకా ఏ రేటింగూ ఇవ్వలేదు. ఒకటే అడుగుతున్నాను, మనుషులు నీళ్లలో ఉన్నంతసేపూ ఒకరిని ఎత్తుగా కూర్చోబెట్టండి. అతనికి ఇంకే పనీ చెప్పకండి, వంట చెప్పకండి, ఫోన్ ఇవ్వకండి, డ్రోన్ అసలే ఇవ్వకండి. పక్కన రింగు పెట్టండి, తువ్వాళ్ల కింద కాదు. ఐదు నిమిషాలకోసారి తలలు లెక్కపెట్టమనండి. అంతే.

బాబాయి మళ్లీ వెళ్దామంటున్నాడు. సరిగ్గా చూసింది పదిహేను నిమిషాలేనట, ఆ తాబేలు మళ్లీ కనబడాలట. మీసం తీసే ప్రసక్తే లేదట, సన్నగా కత్తిరించుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. పిన్ని కూడా వస్తానంది. ఈసారీ దిగదట, డెక్ మీద నీళ్లవైపు తిరిగిన కుర్చీ ఏదో ముందే చూసి పెట్టమంది. మేం ఏ పడవకి ఫోన్ చేసినా మొదట అడగబోయేది ఆ కుర్చీ గురించే. "దాంట్లో మా మనిషి కూర్చుంటాడండీ, మీరు దిగండి" అని మీలో ఎవరంటారో చూస్తాను.

ఇట్లు,
నలభయ్యో సెకను దగ్గర మీ వీడియోలో కిందికి చూస్తూ తేలుతున్న చుక్క